బండి ఇచ్చింది మీరు.. బిల్లు కూడా మీకే!

"మామా, బండి ఒక్క పది నిమిషాలు ఇవ్వరా. బెంజ్ సర్కిల్ దాకా వెళ్లొచ్చేస్తా."

బెజవాడలో బీటెక్ చదివినవాళ్లెవరైనా ఈ మాట కనీసం వందసార్లు విని ఉంటారు. మా హాస్టల్లో గదికో బండి ఉంటే దాన్ని ఆరుగురు తిప్పేవాళ్లు. పెట్రోలు ఎవరు కొట్టించాలన్నదాని మీద పెద్ద పెద్ద పంచాయితీలు జరిగేవి. ఇన్సూరెన్స్ ఉందా అని అడిగినవాణ్ణి మాత్రం నేను చూడలేదు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని సగం రోజులు విజయవాడలోనే. ఆ మధ్య మా గ్యాంగ్‌లో ఒకడు బండి అమ్ముదామని కాగితాలు బయటికి తీశాడు. 2019లో కొన్న బండి. ఇన్సూరెన్స్ చూస్తే 2024లోనే అయిపోయింది. ఈలోపు ఆ బండిని వాడి ఇద్దరు తమ్ముళ్లు, ఒక బావ, పక్క ఫ్లాట్ అంకుల్ కూడా నడిపేశారు. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. అయి ఉంటే ఎవరు ఎంత కట్టాల్సి వచ్చేది? కూర్చుని చట్టం, కోర్టు తీర్పులు చదివి లెక్కేశాను. లెక్క చూసి మా గ్రూప్‌లో కాసేపు ఎవరూ మెసేజ్ పెట్టలేదు.

ఐదేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు

ముందు ఈ 2019 సంగతి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త టూ వీలర్ కొంటే ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టాలి. కారుకైతే మూడేళ్లు. మంచిదే. కానీ ఐదేళ్లపాటు ఏమీ కట్టక్కర్లేదంటే అదొకటి ఉందన్న సంగతే మర్చిపోతాం. 2019లో కొన్న బండికి 2024లో, 2020లో కొన్నదానికి 2025లో గడువు తీరిపోయింది. ఇది ఆటో రెన్యువల్ లేని సబ్‌స్క్రిప్షన్. కంపెనీ ఎస్సెమ్మెస్ పంపినా అది మనం ఎప్పుడో మార్చేసిన పాత నంబరుకు వెళ్తుంది.

మన రాష్ట్రంలో అన్ని జిల్లాలకూ ఒకే ఏపీ 39 సిరీస్ మొదలైంది కూడా 2019లోనే. అంటే ఏపీ 39 బండ్లలో మొదటి బ్యాచ్‌లన్నీ ఇప్పుడు ఈ లిస్టులోనే ఉన్నాయి. ఇక నాన్నగారి పాత ఏపీ 16 బండ్ల సంగతి వేరే చెప్పాలా? మన ఒక్కరి కథే కాదిది. దేశంలో తిరిగే వాహనాల్లో దాదాపు 56 శాతానికి ఇన్సూరెన్స్ లేదని పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘం 2024లో ఇచ్చిన నివేదికలో ఉంది. రామవరప్పాడు రింగ్ దగ్గర సిగ్నల్ పడితే మీ చుట్టూ ఆగిన బండ్లను ఒకసారి లెక్కపెట్టుకోండి.

రెండు వేల ఫైన్ అసలు సమస్య కాదు

ఇన్సూరెన్స్ అనగానే అందరూ పోలీసుల తనిఖీ గురించే మాట్లాడతారు. మోటారు వాహనాల చట్టం 196వ సెక్షన్ ప్రకారం మొదటిసారి 2,000 రూపాయలు, మళ్లీ దొరికితే 4,000. మూడు నెలల దాకా జైలు కూడా ఉంది. ఇక్కడ చాలామంది చూడని మాట ఒకటుంది. ఆ సెక్షన్ నడిపినవాడికే కాదు, నడపడానికి ఇచ్చినవాడికీ వర్తిస్తుంది. అంటే మీరు ఇంట్లో పడుకుని ఉన్నా తప్పు తప్పే.

లైసెన్సు లేనివాడికి ఇస్తే 180వ సెక్షన్ కింద బండి ఇచ్చినవాడికి 5,000 ఫైన్ లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇంటర్ చదివే తమ్ముడికి ఇచ్చి వాడు యాక్సిడెంట్ చేశాడనుకోండి, 199ఏ సెక్షన్ తగులుతుంది. తల్లిదండ్రులకు లేదా ఓనరుకు మూడేళ్ల దాకా జైలు, 25,000 ఫైన్, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

ఇవన్నీ చిన్న అంకెలే. పెద్ద అంకె ట్రిబ్యునల్‌లో ఉంటుంది.

ముప్పై లక్షల లెక్క

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. మీ బండి తీసుకెళ్లిన ఫ్రెండ్, బందరు రోడ్డు మీద ఉయ్యూరు దగ్గర నడిచి వెళ్తున్న ఒక తాపీమేస్త్రిని గుద్దాడు. ఆయన చనిపోయాడు. వయసు 32, నెలకు సంపాదన 15,000. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. తప్పు మీ ఫ్రెండ్‌దేనని తేలింది.

పరిహారం ఎలా లెక్కేయాలో సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేథీ కేసులో చెప్పింది. ఫార్ములా చూస్తే ఎక్సెల్ షీటే. 40 ఏళ్లలోపు సొంతంగా సంపాదించుకునేవాడు కాబట్టి భవిష్యత్ ఆదాయం కింద 40 శాతం కలపాలి: 21,000. ఆధారపడినవాళ్లు నలుగురు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేయాలి: 15,750. ఏడాదికి 1,89,000. 31 నుంచి 35 ఏళ్ల మధ్య వయసుకు 16తో గుణించాలి.

30,24,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు లాంటివి, పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ అదనం.

బండికి థర్డ్ పార్టీ పాలసీ ఉంటే ఇది ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుంది. మనిషి ప్రాణానికి సంబంధించిన థర్డ్ పార్టీ పరిహారానికి చట్టంలో గరిష్ఠ పరిమితి లేదు. పాలసీ లేకపోతే నడిపినవాడు, ఆర్‌సీలో పేరున్నవాడు, అంటే మీ ఫ్రెండ్, మీరు కట్టాలి. వాడి దగ్గర లేకపోతే మీ దగ్గర వసూలు చేస్తారు. కట్టకపోతే? 174వ సెక్షన్ ప్రకారం ట్రిబ్యునల్ కలెక్టరుకు సర్టిఫికెట్ పంపుతుంది. ఆయన దాన్ని భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టే వసూలు చేస్తారు. పేరు మీద ఎకరం పొలమో, పోరంకిలో లోన్ మీద కొన్న ఫ్లాటో ఉన్నవాళ్లకు దీని అర్థం వివరించక్కర్లేదు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 సీసీ దాటి 150 సీసీ వరకు ఉన్న బండికి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు. 18 శాతం జీఎస్టీతో 842 చిల్లర. బుల్లెట్ 350 లాంటివాటికి ప్రీమియం 1,366. వీకెండ్‌లో ఇద్దరు బిర్యానీ తిని కూల్‌డ్రింక్ తాగితే అయ్యే ఖర్చు.

పాలసీ ఉన్నా లైసెన్సు లేనివాడికి ఇచ్చారనుకోండి. అప్పుడు కంపెనీ ముందు బాధితుల కుటుంబానికి కట్టి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి 'బండికి ఇన్సూరెన్స్ ఉందిలే' అని ఎవడికి పడితే వాడికి తాళం విసిరేయడం కుదరదు.

ఇక బండి. పాలసీ లేని బండి మనిషిని చంపినా, గాయపరిచినా పరిహారానికి సరిపడా హామీ చూపించకుండా దాన్ని విడుదల చేయకూడదని, మూడు నెలల్లో చూపించకపోతే వేలం వేసి ఆ డబ్బు ట్రిబ్యునల్‌కు జమ చేయాలని రాష్ట్రాలన్నీ నిబంధనలు పెట్టుకోవాలని 2018లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది.

అడిగి తీసుకెళ్లినవాడి సంగతి

బండి అడిగే బ్యాచ్ కూడా ఇది చదవాలి. కర్ణాటకలో 1999లో ఒకాయన తెలిసినవాళ్ల హీరో హోండా అడిగి తీసుకుని ఇల్కల్ నుంచి సొంతూరు బయల్దేరాడు. ముందు వెళ్తున్న ఎడ్లబండి మీద ఇనుప రేకు ఉంది. అది హఠాత్తుగా ఆగింది, ఈయన వెళ్లి గుద్దుకుని చనిపోయాడు. ఆ కేసు నింగమ్మ కేసుగా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అరువు బండి నడిపేవాడు ఓనరు స్థానంలోకి వచ్చినట్టే, అతను థర్డ్ పార్టీ కాడు కాబట్టి ఆ సెక్షన్ కింద పరిహారం రాదని 2009లో కోర్టు చెప్పింది. 2020లో రాజస్థాన్ నుంచి వెళ్లిన రామ్‌ఖిలాడీ కేసులోనూ ఇదే మాట. అక్కడ గుద్దింది వేరే బైకు. కానీ కుటుంబం కేసు వేసింది అరువు తెచ్చిన బండి ఓనరు మీద, దాని ఇన్సూరెన్స్ కంపెనీ మీద. చివరికి పాలసీ ఒప్పందంలో రాసి ఉన్న లక్ష రూపాయలే వచ్చాయి.

వెనక కూర్చునేవాళ్లకూ ఒక మాట. 'థర్డ్ పార్టీ ఒక్కటి చాలు' అని చౌకలో కట్టేస్తాం కదా. ఆ రకం పాలసీ స్కూటర్ మీద ఊరికే లిఫ్ట్ తీసుకున్నవాళ్లకు వర్తించదని 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఫుల్ ప్యాకేజీ పాలసీ అయితే వెనకవాళ్లకీ కవర్ ఉంటుందని 2012లో ఇంకో తీర్పు వచ్చింది. రోజూ చెల్లెలినో, ఫ్రెండ్‌నో ఎక్కించుకుని కానూరు వైపు కాలేజీలకు వెళ్లేవాళ్లు ప్యాకేజీ పాలసీకి ఇంకొంచెం డబ్బు పెట్టొచ్చని నా అభిప్రాయం.

డెల్టాలో బైకుల కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది ట్రాక్టర్లు. నాట్లప్పుడు, కోతలప్పుడు ఇరవై మంది కూలీలను ట్రక్కులో ఎక్కించుకుని కాలవ గట్టు మీద వెళ్లడం మనకు మామూలే. పొలం పనికి తీసుకున్న ట్రాక్టరు పాలసీ ఇలా ట్రక్కులో ఎక్కినవాళ్లకు రాదు. 2007లో బ్రిజ్ మోహన్ కేసులో ట్రాలీలో వెళ్తూ గాయపడిన కూలీకి ముందు కంపెనీ డబ్బు కట్టాలని, తర్వాత ఓనరు నుంచి రాబట్టుకోవాలని కోర్టు చెప్పింది. అదీ తన ప్రత్యేక అధికారం వాడి. పక్కింటి రైతుకు మొహమాటానికి ట్రాక్టరు ఇచ్చే మన బాబాయిలకు ఈ పేరా చదివి వినిపించండి.

అమ్మేశాం కదా అంటే

ఆటోనగర్‌లోనో, ఆన్‌లైన్‌లోనో బండి అమ్మేసి, డబ్బులు ఫోన్‌లో పడగానే మర్చిపోతాం. 2018లో నవీన్ కుమార్ కేసులో ఒక కారు చాలా చేతులు మారాక యాక్సిడెంట్ చేసింది. రికార్డుల్లో పేరు మాత్రం మొదట అమ్మినాయనదే. ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, పరిహారం బాధ్యత కూడా వాళ్లదేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చేయడం సరిపోదు. కొన్నవాడు వాటిని రవాణా శాఖలో దాఖలు చేసి, పేరు మారిందని మీ కళ్లతో చూసుకోవాలి.

'బండి ఇంకా ఫైనాన్స్‌లో ఉంది, వాళ్లదేగా' అనుకునేవాళ్లకు మన ఆంధ్ర కేసే ఉంది. గోదావరి ఫైనాన్స్ కంపెనీ కేసులో, బండి స్వాధీనంలో లేని ఫైనాన్స్ సంస్థ మీద బాధ్యత వేయలేమని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. వాయిదాలు కట్టేదీ మీరే, బాధ్యతా మీదే.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి ఊరొస్తాం. ఏడాదంతా షెడ్డులో పడుకున్న నాన్న బండిని తుడిచి, గాలి కొట్టించి, బావల చేతికి ఇచ్చేస్తాం. పందేల దగ్గరికి ముగ్గురేసి బయల్దేరతారు. తాళం ఇచ్చేముందు ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టండి. ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో అక్కడే కనిపిస్తుంది, నిమిషం పని. అయిపోయి ఉంటే టూ వీలర్ థర్డ్ పార్టీ పాలసీ ఫోన్‌లోనే కట్టేయొచ్చు. కట్టాక పీడీఎఫ్ తెరిచి, కవర్ ఏ తేదీన ఎన్ని గంటలకు మొదలవుతుందో చూడండి. డబ్బులు కట్టిన నిమిషం నుంచే మొదలవుతుందని లేదు, గడువు తీరిన బండ్లకు తర్వాతి తేదీ వేయడం కూడా ఉంటుంది. ఆ టైమ్ రాకముందు బావ ఎంత బతిమాలినా బండి షెడ్డు దాటనివ్వకండి.