కూనిరాగం సరే, కచేరీ ఏదీ?

పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ‘నానాటి బదుకు నాటకము’ అంటూ కూనిరాగం తీస్తుంటారా? మాటలు పదిహేనో శతాబ్దపు అన్నమయ్యవి. మరి ఆ వరస? రేవతి రాగంలో దాన్ని కట్టింది మన కాలపు మనిషే! నేదునూరి కృష్ణమూర్తిగారు. 1927లో పుట్టి, విజయనగరంలో సంగీతం చదివి, 1991లో సంగీత కళానిధి అందుకుని, విశాఖలోనే స్థిరపడి 2014లో ఇక్కడే కన్నుమూశారు.

శాస్త్రీయ సంగీతం త్యాగరాజస్వామితో ఆగిపోలేదండీ. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు (1930–2016) 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు రాశారు. నాలుగే స్వరాలతో మహతి, లవంగి రాగాలు సృష్టించారు. వాటిని ఎదురుగా కూర్చుని ఎన్నిసార్లు విన్నాం? వర్ణం, త్యాగరాజ, దీక్షితుల కృతులు అయ్యేసరికే కచేరీ టైము సరి. శ్రోతలు తెలిసిందే అడుగుతారు, విద్వాంసులు అడిగిందే పాడతారు. ఇక కొత్తది చెవిన పడేదెలా?

ఆటోనగర్ వైపు వాళ్ళకి ఇంకో చిక్కు. పగలంతా లేతు మిషన్లు, సుత్తుల మోత. మీడియం వేవు రేడియో పెడితే వెల్డింగుకి గరగర. మద్దిలపాలెం దగ్గరి కళాభారతిలో కచేరీ ఉందంటే ఎన్.ఎ.డి. జంక్షను మీదుగా అంత దూరం వెళ్ళాలి. ఆరింటి కచేరీకి నాలుగున్నరకే రాత్రి వంట కావాలి. మంగళం దాకా ఉంటే తిరుగు బస్సు బెంగ. “ఆ పాటలేవో ఫోన్లో వినరాదూ!” అనేస్తారు ఇంట్లోవాళ్ళు.

ఫోన్లో అన్నీ ఉన్నమాట నిజమే. కానీ పేరు తెలిస్తేనే కదా వెతికేది! ఒకప్పుడు నవమి పందిట్లో, పెళ్ళి సన్నాయిలో మనం అడక్కుండానే కొత్త పాట వినబడేది. ఇప్పుడు చాలాచోట్ల ఆర్కెస్ట్రా, డీజే!

అందుకే ఇవి చేసి చూడండి. నవమి చందా ఇచ్చేటప్పుడే ఒక్క సాయంత్రం కచేరీ పెట్టమని అడగండి. వీధిలో నేర్చుకునే పిల్లలు పాడినా చాలు. మీ అమ్మాయికి ఒక బాలమురళి తిల్లానా నేర్పమని టీచరుగారిని కోరండి. ‘న్యూస్ ఆన్ ఎయిర్’ యాప్‌లో ఆకాశవాణి పెట్టుకుంటే గరగర ఉండదు. ఊళ్ళో కచేరీ ఉన్న రోజు పొద్దున్నే పులిహోర కలిపేసి, నలుగురూ కలిసి ఆటో మాట్లాడుకోండి. ఖర్చూ పంచుకోవచ్చు, రాత్రి తోడూ ఉంటుంది.

వినేవాళ్ళుంటేనే కదా, రేపు మరో నేదునూరి కొత్త వరస కట్టేది!