కాలేయం పేరులో అంజూరం

ఫ్రిస్కో పాఠశాలల్లో జీవశాస్త్రం చదివే మన పిల్లలకు కాలేయం 'లివర్'గా పరిచయం. ఇంట్లో అమ్మమ్మ వంటింటి మాటగా దానిని 'కార్జం' అంటుంది. ఆయుర్వేదం 'యకృత్తు' అంటుంది. సంస్కృత యకృత్, గ్రీకు హెపార్, లాటిన్ యేకుర్ ఒకే మూలం నుండి పుట్టిన జ్ఞాతిపదాలు. లాటిన్ సంతతియైన ఇటాలియన్ మాత్రం ఆ వారసత్వాన్ని వదలి, కాలేయాన్ని 'ఫేగతో' అన్నది. ఈ మాట పుట్టినది వైద్యశాలలో కాదు, వంటశాలలో.

లాటిన్‌లో 'ఫీకుస్' అంటే అంజూరం. ప్రాచీన రోమనులు పందులకు ఎండు అంజూరాలు మేపి, వాటి కాలేయం బాగా కొవ్వు పట్టిన తరువాత వండుకొనేవారు. పందుల విషయంలో ఈ పద్ధతిని ప్రవేశపెట్టినవాడు అపీకియుస్ అని 1వ శతాబ్దపు రచయిత ప్లినీ పేర్కొన్నాడు. అట్టి కాలేయం పేరు 'యేకుర్ ఫీకాటుమ్', అనగా అంజూరాలతో పెంచిన కాలేయం. క్రమంగా విశేష్యం జారిపోయి విశేషణం మిగిలినది. బంగినపల్లి మామిడిని 'బంగినపల్లి' అనడం మనకు అలవాటే. చివరకు ఏ మామిడినైనా ఆ పేరుతోనే పిలిస్తే ఎట్లుండునో, ఇదీ అంతే. ఫ్రెంచి 'ఫ్వా', స్పానిష్ 'ఇగాదో' దీని తోబుట్టువులే.

ఇటాలియన్లు ధైర్యశాలిని ఫేగతో కలవాడంటారు. మనం 'గుండె గలవాడు' అంటాము. కోపంతో లోలోపల రగిలేవాడు తన ఫేగతోను తానే కొరుక్కుంటాడట. మనకైతే అది కడుపుమంట.

ఇక రసాయన శాస్త్రం. అంజూరంలో గ్లూకోజుతో పాటు ఫ్రక్టోజు అధికం. గ్లూకోజును శరీరంలోని కణాలన్నీ వాడుకొంటాయి. అధిక మోతాదులో చేరిన ఫ్రక్టోజు భారం ప్రధానంగా కాలేయానిదే. గ్లూకోజు విచ్ఛిత్తిని అదుపుచేసే ముఖ్యమైన మెట్టును అది తప్పించుకొని పోతుంది. మిగులు కొవ్వుగా మారుతుంది. రోమనులకు ఈ కారణం తెలియదు, ఫలితం తెలుసు.

నేడు మనం వాడే పంచదారలో సగం ఫ్రక్టోజే. కాలేయంలో కొవ్వు 5 శాతం మించితే వైద్యులు 'ఫ్యాటీ లివర్' అంటారు. దక్షిణాసియా సంతతివారిలో సన్నని దేహం గలవారికి కూడా ఇది రావచ్చును. తొలిదశలో సాధారణంగా నొప్పి ఉండదు, గుర్తు ఉండదు. రోజుకొక పండుతో భయం లేదు. సీసాల కొద్దీ తీపి పానీయాలు, పండుగ మిఠాయిలు, కదలని కొలువు కలిసినప్పుడే ముప్పు.

ఆప్యాయంగా రెండవసారి వడ్డించే మిఠాయిని వద్దనడానికి కొంత ఫేగతో కావలసినదే!