తోలు చేతితొడుగులు: తడి, వేడి, చమురు

ఉత్తర అమెరికా శీతాకాలంలో తరచుగా కనిపించే దృశ్యం ఒకటి ఉన్నది. ఇంటి ముందు పేరుకున్న మంచును పారతో తొలగించి లోపలికి వచ్చిన గృహస్థు, తడిసి ముద్దయిన తోలు చేతితొడుగులను తీసి హీటరు మీద పెడతాడు. మరునాడు ఆఫీసుకు బయలుదేరే వేళకు అవి వడియాల్లా బిగుసుకుపోయి, వేళ్ళు దూరనంతగా కుంచించుకుపోయి ఉంటాయి. నీళ్ళు తగిలి తోలు పాడైపోయిందని ఆయన నిర్ణయానికి వస్తాడు. నిజానికి ఆ తొడుగులను పాడుచేసినది తడి కాదు, ఆరబెట్టిన వేడి.

ఉష్ణదేశం నుండి వచ్చిన తెలుగువారికి తోలు అనగానే చెప్పులు, నడుముపట్టీ, డప్పు గుర్తుకు వస్తాయి. చేతికి తోలు తొడుక్కునే అవసరం అక్కడ రాదు. కనుక ఆ వస్తువును ఎలా చూసుకోవాలో పెద్దలు నేర్పిన ఆనవాయితీ కూడా లేదు. చలిదేశంలో మాత్రం ఇది కేవలం అలంకారం కాదు. నిశ్చలమైన గాలి కంటే నీరు వేడిని సుమారు 24 రెట్లు ఎక్కువగా ప్రసరింపజేస్తుంది. తొడుగు లోపలి గుడ్డ పొడిగా ఉన్నంతసేపు దానిలో చిక్కుకున్న గాలి చేతికి వెచ్చదనాన్ని నిలుపుతుంది. అది తడిస్తే అదే తొడుగు వేళ్ళలోని వేడిని బయటికి లాగివేస్తుంది. తీవ్రమైన చలిలో వేళ్ళు మొద్దుబారి, చర్మం గడ్డకట్టే ప్రమాదం అప్పుడే ఏర్పడుతుంది. అందువల్ల ఈ తొడుగుల సంరక్షణ వెనుక ఉన్న శాస్త్రాన్ని కొంత తెలుసుకోవడం అవసరం.

తోలు నిర్మాణం

పశువు చర్మంలోని ప్రధాన పదార్థం కొల్లాజెన్ అనే మాంసకృత్తు. దాని అణువు మూడు పేటలు కలిపి పేనిన తాడు వంటిది. ఈ మూడు పేటల నిర్మాణాన్ని 1954, 1955 సంవత్సరాలలో మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. ఇటువంటి తాళ్ళు కట్టలుగా చేరి, ఒకదానితో ఒకటి అల్లుకొని చర్మంగా ఏర్పడతాయి. పచ్చి చర్మంలో సగానికి పైగా నీరే ఉంటుంది. దానిని అలాగే ఎండనిస్తే పోగులు అతుక్కొని డప్పు మీది చర్మంలా బిగుస్తుంది. తడిగా వదలివేస్తే కుళ్ళిపోతుంది. ఈ రెండు గతులూ పట్టకుండా చర్మాన్ని స్థిరపరచే ప్రక్రియనే తోలు ఊనడం అంటారు.

తెలుగునాట తోలు ఊనడానికి తరతరాలుగా తంగేడు చెక్క, కరక్కాయ వాడారు. బతుకమ్మలో పేర్చే పసుపుపచ్చని పూలు ఏ చెట్టువో, ఆ చెట్టు బెరడే లందలలో తోలును నిలిపింది. అమెరికాలో ఇదే పనికి హెమ్లాక్ చెట్టు బెరడు ఉపయోగపడింది. చేతితొడుగుల తయారీయే జీవనాధారంగా పెరిగి, 1828లో ఆ వృత్తి పేరునే తన పేరుగా చేసుకున్న న్యూయార్క్ రాష్ట్రంలోని గ్లవర్స్‌విల్ పట్టణానికి చుట్టూ ఉన్న ఆ అడవులే అండ. పంతొమ్మిదో శతాబ్ది ద్వితీయార్ధంలో క్రోమియం లవణాలతో ఊనే పద్ధతి వచ్చింది. నేడు దుకాణాలలో దొరికే చేతితొడుగుల తోలు చాలావరకు ఈ పద్ధతిలో ఊనినదే.

ఊనినంత మాత్రాన తోలు మెత్తబడదు. నూనెను నీటిలో పాలవలె చిలికి, ఆ ద్రవంలో తోలును నానబెడతారు. నూనె పోగుల మధ్యకు చేరి, అవి ఒకదానిపై ఒకటి జారడానికి వీలు కల్పిస్తుంది. బతికి ఉన్న చర్మానికి లోపలి గ్రంథులు నిత్యం చమురు అందిస్తాయి. తొడుగుగా మారిన తోలుకు ఆ ఆధారం లేదు. దానిలోని చమురు తరిగిన కొద్దీ మళ్ళీ అందించవలసిన బాధ్యత తొడుక్కునే వారిదే. పోగులు, వాటిని నిలిపిన రసాయనం, వాటి మధ్యనున్న చమురు, కొద్దిపాటి తేమ: ఈ నాలుగింటి సమతూకమే తోలు. శుభ్రపరచడం, చమురు పట్టించడం, నీటి నుండి కాపాడడం అనే మూడు పనులూ ఈ సమతూకాన్ని చెడగొట్టకుండా జరగాలి.

శుభ్రపరచడం

ఊనిన తోలు స్వభావరీత్యా కొంచెం ఆమ్లగుణం కలది. సాధారణమైన సబ్బు క్షారగుణం కలది. బట్టల సబ్బుతో తోలును రుద్దితే మురికితోపాటు పోగుల మధ్యనున్న చమురు కూడా కొట్టుకుపోతుంది. ఊనిన రసాయనపు పట్టు సడలుతుంది. కనుక మొదట మెత్తని బ్రష్షుతో దుమ్మును దులిపి, తరువాత గోరువెచ్చని నీటిలో తడిపి గట్టిగా పిండిన తెల్లని గుడ్డతో తుడవాలి. అది చాలకపోతే తోలు కోసమే తయారైన క్లీనరును కొద్దిగా వాడవచ్చు. ఏది వాడినా ముందుగా మణికట్టు లోపలి అంచున ఒక చుక్క వేసి, రంగు గుడ్డకు అంటుతున్నదేమో చూడడం మంచిది.

లోపలి చీటీపై ఉతకవచ్చునని ఉన్న తొడుగులను చేతులకు తొడుక్కొని, చేతులు కడుక్కున్నట్లే గోరువెచ్చని నీటిలో కడగవచ్చు. తరువాత వాటిని మెలిపెట్టి పిండరాదు. తువాలులో చుట్టి అదిమితే నీరు దిగిపోతుంది. నూనె మరక పడితే మొక్కజొన్న పిండిని చల్లి ఒక రాత్రి ఉంచి, ఉదయం దులిపివేయాలి. స్వీడ్ అనే నూగు తోలుకు నీరు, చమురు రెండూ సరిపడవు. దానికి పొడి బ్రష్షు, పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు చాలు.

తోలుపై కనిపించే తెల్లని పూత విషయంలో చాలామంది పొరబడతారు. అది మూడు రకాలుగా ఉండవచ్చు. మంచు కరగడానికి రోడ్లపై చల్లే ఉప్పు గానీ, చెమటలోని ఉప్పు గానీ తోలులోకి ఇంకి, ఆరినప్పుడు పైకి తేలితే అలలవంటి అంచుతో తెల్లని చార ఏర్పడుతుంది. దీనిని తడిగుడ్డతో తుడవాలి. అప్పటికీ పోకపోతే ఒక వంతు తెల్ల వినెగరుకు రెండు వంతుల నీరు కలిపి తుడిచి, మళ్ళీ మామూలు నీటి గుడ్డతో తుడవాలి. రెండవ రకం తోలులోని కొవ్వే చలికి గడ్డకట్టి పైకి తేలడం. ఇది పొడిగుడ్డతో రుద్దితే పోతుంది. దీనివల్ల హాని లేదు. మూడవది బూజు. నూగుగా ఉండి ముక్కవాసన వేస్తుంది. దీనిని ఇంటి వెలుపలనే దులిపి, తొడుగులను గాలి ఆడేచోట ఆరనివ్వాలి.

ఆరబెట్టడం

అసలు గండం ఇక్కడే ఉన్నది. ఊనని చర్మాన్ని నీటిలో వేడిచేస్తే సుమారు 60-65 డిగ్రీల సెల్సియస్ వద్ద దాని మూడు పేటల తాళ్ళు విడిపోయి, చర్మం ఒక్కసారిగా ముడుచుకుపోతుంది. బెరడుతో ఊనిన తోలు సుమారు 75-85 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. క్రోమియంతో ఊనినది మరిగే నీటి వేడికి దగ్గరగా, కొన్ని సందర్భాలలో అంతకు మించి కూడా తట్టుకుంటుంది. క్రోమియం తోలైతే హీటరుపై పెట్టవచ్చునా అన్న సందేహం కలగవచ్చు. పెట్టరాదు. అది ముడుచుకుపోకపోయినా, నీరు వేగంగా ఆవిరైనప్పుడు పోగులు దగ్గరకు చేరి అతుక్కుంటాయి. చమురు స్థానం మారుతుంది. లోపలి జిగురు సడలుతుంది. అందుకే అది బిగుసుకుంటుంది.

తడిసిన తొడుగులను వేళ్ళు సాగదీసి, లోపలికి ఊది ఆకారం తెచ్చి, గది వేడిలోనే బల్లపై పరచి ఆరనివ్వాలి. రెండు రోజులు పట్టినా తొందరపడరాదు. హీటరు, హెయిర్ డ్రైయరు, ఎండ పడే కారు ముందుభాగం మూడూ నిషిద్ధమే. కొంచెం చెమ్మ మిగిలి ఉండగానే ఒకసారి తొడుక్కొని వేళ్ళు నాలుగైదుసార్లు ముడిచి తెరిస్తే, అతుక్కోబోతున్న పోగులు విడిపోయి తోలు మెత్తగా నిలుస్తుంది. రెండవ జత ఉంచుకొనడం ఈ ఓపికకు ఎంతో తోడ్పడుతుంది.

చమురు పట్టించడం

ఇంట్లో ఉన్న కొబ్బరినూనెనో నువ్వుల నూనెనో రాయాలనిపించడం సహజం. అది మంచిది కాదు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కంటే తక్కువ చలిలో గడ్డకడుతుంది. చేతితొడుగుకు అవసరం కలిగేది అంతకంటే ఎంతో చల్లని వాతావరణంలోనే. నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగటగా మారి కంపు కొడతాయి. తోలు పనివారు పూర్వం నుండి వాడేది పశువు కాలి ఎముకల నుండి తీసిన నీట్స్‌ఫుట్ అనే నూనె. పశువు శరీరంలో కాళ్ళ చివరలు చల్లగా ఉంటాయి. అక్కడి కొవ్వు ఆ చల్లదనంలోనూ గడ్డకట్టని స్వభావం కలది. చలికాలపు తొడుగుకు అది తగిన చమురు కావడంలో ఇంత ఔచిత్యం ఉన్నది. అయితే అది లేతరంగు తోలును నల్లబరుస్తుంది. అటువంటి వాటికి గొర్రె ఉన్ని నుండి తీసే లానోలిన్ గల తేలికపాటి కండిషనరు నయం.

చమురును శుభ్రపరచి పూర్తిగా ఆరిన తోలుకే పట్టించాలి. బఠాణీ గింజంత తీసుకొని, గుడ్డతో పలుచగా రాసి, ఒక రోజు ఇంకనిచ్చి, మిగిలినది తుడిచివేయాలి. సాధారణంగా చలికాలం మొదట ఒకసారి, చివర ఒకసారి సరిపోతుంది. చమురు అతిగా పట్టిస్తే తోలు సాగి వదులవుతుంది, మురికిని పట్టుకుంటుంది. పైగా లోపలి గుడ్డకు చమురు అంటితే తొడుగు వెచ్చదనమే తగ్గుతుంది.

నీటి నుండి రక్షణ

తామరాకుపై నీటిబొట్టు నిలవదు. ఆకులో రంధ్రాలు లేవని కాదు. దాని ఉపరితలం నీటిని తనపై పరచుకోనివ్వదు. తోలుపై పూసే తేనెమైనం, సిలికోన్ వంటివి చేసేదీ ఇదే. తోలు సన్నని రంధ్రాలను పూర్తిగా పూడ్చివేస్తే చెమట ఆవిరి బయటికి పోలేక చేయి లోపలినుండే తడుస్తుంది. కనుక పూత పలుచగా ఉండాలి. నీరు ముందుగా దూరేది కుట్ల వద్దనే. అక్కడ మైనాన్ని వేలికొనతో నెమ్మదిగా అద్దాలి. ఎంత పూసినా తోలు రబ్బరు కాదు. గంటల తరబడి తడి మంచును చేతులతో ఎత్తే పనికి వేరే తొడుగులు వాడడమే సరియైనది.

డబ్బా నుండి చల్లే స్ప్రేల విషయంలో జాగ్రత్త అవసరం. 1992 డిసెంబరులో ఒరెగాన్ రాష్ట్రంలో తోలుపై చల్లే ఒక ఏరోసాల్ వాడినవారిలో తీవ్రమైన శ్వాస ఇబ్బందులు బయటపడ్డాయి. నీటిని వికర్షింపజేసే సన్నని తుంపర ఊపిరితిత్తులలోకి చేరితే అక్కడ కూడా హాని చేయగలదు. స్ప్రేలను ఆరుబయటనే, పిల్లలకు దూరంగా, గాలివాలును గమనించి వాడాలి. ప్రకృతిలో ఏళ్ళ తరబడి విచ్ఛిన్నం కాని ఫ్లోరిన్ సమ్మేళనాలు కూడా కొన్ని స్ప్రేలలో వాడబడ్డాయి. మిన్నెసోటా రాష్ట్రం అటువంటి సమ్మేళనాలు కలిపిన బట్టల పూతల అమ్మకాన్ని 2025 జనవరి 1 నుండి నిషేధించింది. తేనెమైనపు పూతకు ఈ రెండు చిక్కులూ లేవు.

తోలు పనిని నీచమైనదిగా ఎంచి, ఆ పనివారిని ఊరి వెలుపల ఉంచిన సమాజం మనది. ఆ పనికి శాస్త్ర గౌరవాన్ని సాధించిపెట్టినవారిలో అగ్రగణ్యుడు ఒక తెలుగువాడు. గుంటూరు జిల్లా తెనాలి సమీపంలోని యలవర్రులో 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మ, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, తిరిగి వెళ్ళి, 1948లో మద్రాసులో ఏర్పడిన కేంద్ర తోలు పరిశోధన సంస్థకు 1958 నుండి 1971 వరకు డైరెక్టరుగా పనిచేశారు. 1985 జూన్ 23న జరిగిన కనిష్క విమాన దుర్ఘటనలో ఆయన మరణించారు. ఒక జత తొడుగుల వెనుక లందల వద్ద తరతరాలుగా చేతులు నానబెట్టుకున్న వారి శ్రమ, దానిని విజ్ఞానంగా మలచిన వారి కృషి ఉన్నాయి. హీటరుకు దూరంగా పరచి, రెండు రోజులు ఓపిక పట్టి, చిటికెడు చమురు పట్టించడం ఆ శ్రమకు చేయగల కనీస మర్యాద.