బాలింతకు నిప్పు మంచం.. పసిబిడ్డకు ముప్పు మాత్రం పథ్యంతో! లావోస్ పల్లెల్లో ఏం జరుగుతోంది?

ఇంట్లో బాలింత ఉంటే ఏం తినాలో, ఏం తినకూడదో పెద్దవాళ్లు పెద్ద లిస్టే చెప్తారు. ఆగ్నేయాసియాలోని లావోస్ పల్లెల్లోనూ అంతే. కానీ అక్కడి పథ్యం ఒక్కోసారి పసిబిడ్డ ప్రాణం మీదకే తెస్తోంది. ఎందుకో చూద్దాం.

ఏంటీ 'యూ ఫై'?

లావో భాషలో 'యూ ఫై' అంటే నిప్పు దగ్గర ఉండటం. కాన్పు కాగానే తల్లిని వెదురు మంచం మీద పడుకోబెట్టి, కింద బొగ్గుల నిప్పు పెడతారు. మూలికలు మరిగించిన వేడినీళ్లే తాగిస్తారు. ఒంట్లో చలి చేరకూడదని, పాలు బాగా పడాలని వాళ్ల నమ్మకం. కొందరు కొన్ని రోజులు, మరికొందరు వారాల తరబడి ఇలాగే ఉంటారు. దీంతో పొగ, కాలిన గాయాల బెడద ఉంది. అయితే పొలం పని తప్పి తల్లికి విశ్రాంతి దొరికేదీ అప్పుడే.

అసలు ప్రమాదం కంచంలో

ఈ రోజుల్లో చాలామంది బాలింతలు జిగురు బియ్యం అన్నం, ఉప్పు, అల్లం, కొద్దిగా కాల్చిన మాంసంతోనే సరిపెట్టుకుంటారు. మిల్లు పట్టిన బియ్యంలో విటమిన్ బి1 ముందే తగ్గిపోతుంది. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే మిగిలిందీ పోతుంది. తల్లి ఒంట్లో బి1 లేకపోతే పాలల్లోనూ ఉండదు. దాంతో రెండు మూడు నెలల బిడ్డకు బెరిబెరి వస్తుంది. బిడ్డ పాలు తాగదు, ఆగకుండా ఏడుస్తుంది, గొంతు బొంగురుపోతుంది, ఆయాసపడుతుంది. చివరికి గుండె ఆగిపోవచ్చు. న్యుమోనియా అనుకుని పొరబడే అవకాశమూ ఎక్కువే. సకాలంలో బి1 ఇంజెక్షన్ ఇస్తే మాత్రం గంటల్లోనే తేరుకుంటుంది.

ఇది మనకు కొత్త జబ్బేం కాదు. 20వ శతాబ్దం మొదట్లో మర బియ్యం తిన్న కోస్తాంధ్ర జిల్లాల్లోనూ బెరిబెరి ఉండేది.

కాన్పు ఎక్కడ?

లావోస్‌లో ఆస్పత్రి కాన్పులు 2011-12లో దాదాపు 38 శాతమే. 2017 నాటికి అవి దాదాపు 65 శాతానికి పెరిగాయి. అయినా కొండ దారులు, వానాకాలం, దూరం ఇప్పటికీ అడ్డే. ఇంట్లో కాన్పయ్యాక రక్తస్రావం ఆగకపోతే ఆస్పత్రికి చేరేలోపే తల్లి ప్రాణం పోవచ్చు. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2020లో అక్కడ లక్ష కాన్పులకు 126 మంది తల్లులు చనిపోయారు.

మరి ఆచారం మానేయాలా?

మొత్తం మానమంటే ఊళ్లో ఎవరూ వినరు, పైగా ఆస్పత్రికే దూరమవుతారు. వెచ్చదనం, విశ్రాంతి, పక్కన అమ్మ, అత్త ఉండటం.. వీటితో నష్టం లేదు. మారాల్సింది రెండే. కాన్పు శిక్షణ ఉన్న నర్సు చేతుల మీదుగా జరగాలి. బాలింత కంచంలోకి గుడ్డు, చేప, మాంసం, పప్పుగింజలు రావాలి, అవసరమైతే బి1 మాత్రలూ ఇవ్వాలి. నిప్పు ఉన్నా ఫర్వాలేదు, పొగ మాత్రం గదిలో నిలవకూడదు.