మూడు చక్రాల బండికి పుట్టిన టైగర్

ఆయిల్ కలిపిన పెట్రోలు పోయించుకుని, నీలిపొగ వదులుతూ నరసరావుపేట నుంచి మాచర్ల దాకా రాజ్‌దూత్ నడిపినవాళ్లకు ఈ కారు ఇంజను చప్పుడు కొత్తగా ఉండదు. కారే కొత్త. ముందొకరు, వెనకొకరు కూర్చోవాలి. తలుపుల్లేవు. నెత్తిమీది ప్లాస్టిక్ గుమ్మటాన్ని పక్కకి ఎత్తి లోపలికి దిగాలి. స్టీరింగ్ చక్రం బదులు స్కూటర్ హ్యాండిల్ లాంటిది ఉంటుంది.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక జర్మనీలో విమానాల తయారీ మీద నిషేధం. మెస్సర్‌ష్మిట్ కంపెనీకి పనిలేదు. యుద్ధంలో అంగవైకల్యం పాలైనవాళ్ల కోసం చిన్న బళ్లు చేస్తున్న ఇంజనీరు ఫ్రిట్జ్ ఫెండ్ అప్పుడే తలుపు తట్టాడు. 1953లో రేగెన్స్‌బర్గ్ కర్మాగారం నుంచి మూడు చక్రాల కేఆర్ 175, రెండేళ్లకు కేఆర్ 200 వచ్చాయి. మిగిలిపోయిన యుద్ధవిమానాల గుమ్మటాలే వీటికి బిగించారని కొందరు ఇప్పటికీ చెబుతారు. అది వట్టి పుకారు.

కేఆర్ 200లో వెనక్కి వెళ్లడమే ఒక తమాషా. ఇంజను ఆపి, తాళం చెవిని ఇంకాస్త లోపలికి నొక్కి మళ్లీ స్టార్ట్ చేస్తే టూ స్ట్రోక్ ఇంజను తిరగబడి తిరుగుతుంది. ముందుకున్న నాలుగు గేర్లూ వెనక్కీ పనిచేస్తాయి!

ఫెండ్ లెక్క సూటిగా ఉంది. వేగం పెరిగేకొద్దీ బండిని అడ్డుకునేది ఎక్కువగా గాలే. మనుషుల్ని పక్కపక్కన కాక ఒకరి వెనక ఒకరిని కూర్చోబెడితే గాలికి ఎదురయ్యే వెడల్పు తగ్గుతుంది, చిన్న ఇంజనే చాలు. 1955లో హాకెన్‌హైమ్ ట్రాక్ మీద, రేసుకు తగ్గట్టు మార్చిన కేఆర్ 200 ఇరవై నాలుగు గంటలు పరుగెత్తి, తన తరగతిలో 22 రికార్డులు బద్దలుకొట్టింది.

విమానాలకు మళ్లీ అనుమతి రాగానే మెస్సర్‌ష్మిట్ తప్పుకుంది. ఫెండ్ భాగస్వామిగా ఎఫ్‌ఎమ్‌ఆర్ అనే చిన్న సంస్థ ఏర్పడింది. అది 1958లో అమ్మకానికి తెచ్చిందే టీజీ 500: నాలుగు చక్రాలు, దాదాపు 500 సీసీ జంట సిలిండర్ల ఇంజను, 20 హార్స్‌పవర్, గంటకు 126 కిలోమీటర్లు. అంతా టైగర్ అనేవారు కానీ, ఆ పేరు మీద హక్కు లారీలు చేసే క్రుప్ కంపెనీది.

అంత వేగంలో హ్యాండిల్ కాస్త కదిపితే చాలు, బండి గిరుక్కున తిరిగేది. గుండె గలవాడికే అది. పైగా దాని ధరకు ఇంచుమించు ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ వచ్చేది. నలుగురు ఎక్కే కారు ఉండగా ఇద్దరి బండి ఎవరు కొంటారు? 1961లో తయారీ ఆగింది. మొత్తం వచ్చినవి 320 దాకా.

2013లో అమెరికాలోని జార్జియాలో ఒక మైక్రోకార్ మ్యూజియం తన బళ్లను వేలం వేసింది. అందులో 1958 నాటి టైగర్ 3,22,000 డాలర్లు పలికింది. అప్పటి మారకంలో అది కోటీ డెబ్బై లక్షల రూపాయలకు పైమాటే.