రంగు మూసేసిన రంధ్రం: థీటిస్, థండర్‌బోల్ట్ కథ

రెండో ప్రపంచ యుద్ధంలో మునిగిపోయిన బ్రిటిష్ సబ్‌మెరీన్లు డెబ్భైకి పైనే. వాటిలో ఒకదాని కథ మాత్రం మిగతావాటికంటే వేరు. అది రెండుసార్లు మునిగింది, రెండు పేర్లతో. మొదటిసారి యుద్ధం ఇంకా మొదలు కాకముందే, సొంత తీరానికి దగ్గర్లో, శత్రువు ఎవరూ లేకుండానే 99 మందిని తీసుకుపోయింది. రెండోసారి యుద్ధంలో, 62 మందితో. మనలాంటి ఇంజినీరింగ్ వాళ్ళు ఈ కథ తెలుసుకోవాల్సింది మొదటి మునక కోసం. ఎందుకంటే దాని వెనక ఉన్నది బాంబు కాదు, తుఫాను కాదు. ఒక చిన్న రంధ్రం మీద ఎండిపోయిన పెయింటు.

ఆ సబ్‌మెరీన్ మొదటి పేరు హెచ్ఎంఎస్ థీటిస్. ఇంగ్లండులో లివర్‌పూల్‌కి ఎదురుగా, మెర్సీ నదికి ఇవతలి ఒడ్డున ఉన్న బర్కెన్‌హెడ్‌లో కామెల్ లెయర్డ్ షిప్‌యార్డు దాన్ని కట్టింది. 1938 జూన్‌లో నీళ్ళలోకి దించారు. టీ క్లాసు సబ్‌మెరీన్, పొడవు 84 మీటర్లు. 1939 జూన్ 1న లివర్‌పూల్ బేలో డైవింగ్ పరీక్షకి బయల్దేరింది. కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ గై బోలస్. మామూలుగా 50, 60 మంది ఉండాల్సిన చోట ఆ రోజు 103 మంది ఎక్కారు. నేవీ వాళ్ళు, షిప్‌యార్డు ఇంజినీర్లు, వేరే సబ్‌మెరీన్ల నుంచి చూడ్డానికి వచ్చిన ఆఫీసర్లు, భోజనాలు వడ్డించడానికి వచ్చినవాళ్ళు కూడా. డైవ్‌కి ముందు షిప్‌యార్డు వాళ్ళు దిగిపోవచ్చు, పక్కనే గ్రీబ్‌కాక్ అనే టగ్ బోటు ఉంది. కానీ ఎవరూ దిగలేదు.

మధ్యాహ్నం రెండు గంటలకి డైవ్ మొదలుపెట్టారు. సబ్‌మెరీన్ మునగలేదు, బరువు సరిపోలేదు. లెక్కల కాగితం ప్రకారం ముందు భాగంలోని 5, 6 నంబరు టార్పెడో ట్యూబుల్లో టార్పెడోల బరువుకి బదులుగా నీళ్ళు నింపి ఉండాలి. అవి నిజంగా నిండాయా లేదా? చూడ్డానికి టార్పెడో ఆఫీసర్ లెఫ్టినెంట్ వుడ్స్ ముందుకెళ్ళాడు.

ఇక్కడ టార్పెడో ట్యూబు ఎలా ఉంటుందో కాస్త చూద్దాం. 21 అంగుళాల వ్యాసం ఉన్న పొడవాటి గొట్టం అనుకోండి. ఒక చివర సముద్రంలోకి తెరుచుకునే మూత, రెండో చివర సబ్‌మెరీన్ లోపలికి తెరుచుకునే తలుపు. టార్పెడో పెట్టేటప్పుడు లోపలి తలుపు తెరుస్తారు, వదిలేటప్పుడు బయటి మూత తెరుస్తారు. రెండూ ఒకేసారి తెరిచి ఉన్నాయంటే సముద్రానికీ మీకూ మధ్య ఏమీ లేనట్టే. అందుకే లోపలి తలుపుకి ఒక చిన్న టెస్ట్ కాక్ ఉంటుంది. అంటే బుల్లి కుళాయి లాంటిది. తలుపు తీసే ముందు దాన్ని తిప్పి చూడాలి. నీళ్ళు చిమ్మితే ట్యూబులో నీళ్ళున్నట్టు. ఏమీ రాకపోతే ఖాళీ అన్నట్టు.

వుడ్స్ 5వ నంబరు టెస్ట్ కాక్ తిప్పాడు. ఏమీ రాలేదు. ట్యూబు ఖాళీగా ఉందనుకున్నాడు. ఒక్కొక్క ట్యూబు తలుపే తెరిపిస్తూ వచ్చాడు. 1 నుంచి 4 దాకా ఏ ఇబ్బందీ లేదు. 5వది తెరవగానే సముద్రం లోపలికి దూకింది.

ఏం జరిగింది? 5వ ట్యూబు బయటి మూత తెరిచే ఉంది, ట్యూబు నిండా నీళ్ళు. మరి టెస్ట్ కాక్ నుంచి చుక్క కూడా ఎందుకు రాలేదు? తర్వాత సబ్‌మెరీన్‌ని పైకి తీసి చూస్తే సంగతి తెలిసింది. ట్యూబు లోపలివైపు తుప్పు పట్టకుండా తారు లాంటి ఎనామెల్ పూత వేశారు. ఆ పూత టెస్ట్ కాక్ రంధ్రాన్ని మూసేసింది. రంగు వేసినవాళ్ళు చూడలేదు, తర్వాత తనిఖీ చేసినవాళ్ళకీ కనబడలేదు. రంధ్రం మూసుకుపోతే పొడిచి శుభ్రం చేయడానికి సూది లాంటి పనిముట్టు ఒకటి ఉంటుంది. ఆ రోజు దాన్ని వాడలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. బయటి మూతలు తెరిచి ఉన్నాయో మూసి ఉన్నాయో చూపించే డయల్స్ ఒకదాని కింద ఒకటి నిలువు వరసలో ఉంటాయి, 5వది అన్నిటికంటే కింద. మిగతావాటిలో "మూసి ఉంది" అనేది ముల్లు ఏ వైపు ఉంటే సూచిస్తుందో, 5వ దానిలో అందుకు ఎదురు వైపు ఉంటే సూచిస్తుంది. హడావుడిలో ఒక్క చూపు చూసినవాడు పొరబడటానికి ఇంతకంటే ఏం కావాలి? అసలు ఆ మూత ఎందుకు, ఎవరు తెరిచారన్నది విచారణలో కూడా తేలలేదు.

ఎన్ని నీళ్ళు వచ్చి ఉంటాయో ఫస్టియర్ ఫ్లూయిడ్ మెకానిక్స్‌తోనే అంచనా వేయొచ్చు. ట్యూబు నీటిమట్టానికి 4 మీటర్ల కింద ఉందనుకుందాం. టారిచెల్లి సూత్రం ప్రకారం నీటి వేగం సెకనుకి దాదాపు 8.9 మీటర్లు. 21 అంగుళాల గొట్టం అడ్డుకోత వైశాల్యం 0.22 చదరపు మీటర్లు. రెండూ గుణిస్తే సెకనుకి రెండు టన్నులు. ఘర్షణ నష్టాలు తీసేసినా సెకనుకి టన్నుకి పైనే. ఆ ధాటికి తలుపు మళ్ళీ మూయడం మనుషుల వల్ల కాదు.

సరే, ఆ గది వదిలేసి వెనక్కి వచ్చి అడ్డుగోడ తలుపు మూసేస్తే? ప్రయత్నించారు. ఆ తలుపు బిగించడానికి 18 రెక్కల నట్లు. వాటిలో ఒకటి జారి తలుపుకీ చట్రానికీ మధ్య ఇరుక్కుంది. సబ్‌మెరీన్ అప్పటికే ముక్కు కిందికి పెట్టి వాలిపోతోంది. ఆ గదీ వదిలేసి, దాని వెనకున్న అడ్డుగోడ తలుపు మూసుకున్నారు. రెండు గదులు నీటిపాలయ్యాయి. థీటిస్ ముక్కు 46 మీటర్ల లోతున సముద్రపు అడుగుని తాకింది.

పైనున్న టగ్‌లో అనుమానం మొదలైంది. వైర్‌లెస్‌లో సంగతి పంపారు. అది ఒడ్డు చేరి టెలిగ్రామ్‌గా మారి, పోర్ట్స్‌మత్ దగ్గర సబ్‌మెరీన్ల హెడ్‌క్వార్టర్సుకి చేరేసరికి ఆలస్యమైంది. టెలిగ్రామ్ తీసుకెళ్తున్న కుర్రాడి సైకిల్ దారిలో పంక్చర్ అయింది. వెతకడం మొదలయ్యేలోపే విలువైన గంటలు పోయాయి.

లోపలివాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేదు. రాత్రంతా కష్టపడి నీళ్ళూ ఇంధనమూ బయటికి పంపు చేసి వెనక భాగాన్ని తేలిక చేశారు. జూన్ 2 పొద్దున హెచ్ఎంఎస్ బ్రేజెన్ అనే యుద్ధనౌక అక్కడికి వచ్చేసరికి థీటిస్ తోక నీళ్ళపైకి 18 అడుగులు లేచి ఉంది. తోక లేపడానికి కారణం, వెనకున్న ఎస్కేప్ ఛాంబర్ నీటిమట్టానికి దగ్గరవుతుందని. ఆ ఛాంబర్‌కి రెండు తలుపులు. ఇద్దరు లోపలికి వెళ్ళి ఆక్సిజన్ సెట్టు తగిలించుకుంటారు. ఛాంబర్‌లో నీళ్ళు నింపుతారు. లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడికి సమానం అయ్యాక పై తలుపు తెరుచుకుంటుంది.

ఎనిమిది గంటల ప్రాంతంలో మొదట కెప్టెన్ ఓరమ్, వుడ్స్ బయటపడ్డారు. ఇలా ఇద్దరిద్దరుగా వెళ్తే చాలా సేపు పడుతుందని తర్వాత నలుగురిని ఇరికించారు. ఆ నలుగురూ బతకలేదు. ఆ తర్వాత లీడింగ్ స్టోకర్ ఆర్నాల్డ్, షిప్‌యార్డుకి చెందిన ఫ్రాంక్ షా పైకి వచ్చారు. అంతే. ఇంకెవరూ రాలేదు.

ఎందుకు రాలేదు? ఆక్సిజన్ అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అంతకంటే ముందు చంపేది కార్బన్ డయాక్సైడ్. ఖాళీగా కూర్చున్న మనిషి గంటకి ఇంచుమించు 15 నుంచి 20 లీటర్లు వదుల్తాడు. 103 మంది అంటే గంటకి దాదాపు రెండు వేల లీటర్లు. పనిచేస్తుంటే ఇంకా ఎక్కువ. మామూలు గాలిలో అది 0.04 శాతం. 3 శాతం దాటితే తలనొప్పి, ఆయాసం. 6 శాతం దాటితే బుర్ర పనిచేయదు, చేతులు మాట వినవు. అంటే తప్పించుకోవడానికి సరిగ్గా ఏ తెలివి, ఏ ఒడుపు కావాలో వాటినే ముందు లాగేసుకుంటుంది. రెట్టింపు మంది ఎక్కడం అంటే గడువు సగం కావడం. ఆ మధ్యాహ్నం మూడు గంటల తర్వాత, తోకకి కట్టిన వైరు తాడు తెగి థీటిస్ పూర్తిగా మునిగిపోయింది. 99 మంది. ఒడ్డు నుంచి చూస్తే కనబడేంత దూరంలో.

విచారణ జరిగింది. ఏ ఒక్కరినీ తప్పుపట్టలేదు. ఒకరి భార్య కోర్టుకి వెళ్తే, సబ్‌మెరీన్ ప్లాన్లు, రిపోర్టులు చూపించడం దేశ భద్రతకి మంచిది కాదని నేవీ శాఖ చెప్పింది. 1942లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం దాన్నే సమర్థించింది. డంకన్ వర్సెస్ కామెల్ లెయర్డ్ అని లా చదివేవాళ్ళకి ఇప్పటికీ తెలిసిన కేసు ఇది. చివరికి 1946లో ఆ కుటుంబాలు పరిహారం కేసు కూడా ఓడిపోయాయి.

థీటిస్‌ని పైకి లాగే పనిలో ఒక డైవర్ కూడా చనిపోయాడు. చివరికి దాన్ని వేల్స్‌లోని ఆంగ్లసీ దీవి ఒడ్డుకి చేర్చారు. ఆ తేదీ 1939 సెప్టెంబర్ 3. సరిగ్గా ఆ రోజే బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. లోపలున్నవాళ్ళలో చాలామందిని దగ్గర్లోని హోలీహెడ్‌లో ఒకే సమాధిలో పూడ్చారు.

యుద్ధంలో ఉన్న దేశానికి పడవ పారేసే స్తోమత లేదు. బాగుచేసి, 1940 చివర్లో హెచ్ఎంఎస్ థండర్‌బోల్ట్ అని కొత్త పేరుతో మళ్ళీ పంపారు. పడవ పేరు మారిస్తే అరిష్టం అని నావికుల్లో పాత నమ్మకం ఒకటుంది. పైగా ఇది ఏ పడవో ఎక్కేవాళ్ళందరికీ తెలుసు. అయినా లెఫ్టినెంట్ కమాండర్ సెసిల్ క్రౌచ్, ఆయన మనుషులు అందులో ఎక్కారు. 99 మంది ఊపిరాడక పోయిన గదుల్లోనే తిన్నారు, పడుకున్నారు, పనిచేశారు. దీన్ని ధైర్యం అంటామో, యుద్ధంలో ఇంకో దారి లేకపోవడం అంటామో గానీ, తేలికైన విషయం మాత్రం కాదు.

మొదటి గస్తీలోనే, 1940 డిసెంబర్ 15న, బిస్కే అఖాతంలో ఇటలీ సబ్‌మెరీన్ తరాంతీనిని ముంచేసింది. తర్వాత అట్లాంటిక్‌లో సరుకు నౌకల గుంపులకి కాపలా కాసింది. మధ్యధరా సముద్రంలో శత్రువుల సరఫరా పడవల్ని వేటాడింది. 1943 జనవరి మొదట్లో సిసిలీలోని పలేర్మో రేవు మీద దాడికి, చారియట్లు అనే మనుషులు ఎక్కి నడిపే టార్పెడోలని మోసుకెళ్ళిన సబ్‌మెరీన్లలో ఇదీ ఒకటి. ఆ దాడిలో ఇటలీ కొత్తగా కడుతున్న ఉల్పియో ట్రయానో అనే క్రూజర్ మునిగిపోయింది.

మార్చిలో మళ్ళీ సిసిలీ దగ్గరికే వెళ్ళి, శాన్ వీటో అంతరీపం ప్రాంతంలో ఒక నౌకల గుంపు మీద దాడి చేసింది. అక్కడున్న ఇటలీ కొర్వెట్ పేరు చికోన్యా. ఇటాలియన్‌లో కొంగ అని అర్థం. దాని కెప్టెన్ కూడా ఒకప్పుడు సబ్‌మెరీన్లలో పనిచేసినవాడే. నీళ్ళ కింద ఉన్నవాడు ఏం ఆలోచిస్తాడో అతనికి తెలుసు. మార్చి 14న అతని డెప్త్ చార్జీలు థండర్‌బోల్ట్‌ని పట్టేశాయి. క్రౌచ్‌తో సహా 62 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఈసారి పైకి తీయడానికి వీల్లేనంత లోతు.

రెండో మునకకి కారణం యుద్ధం. దానికి మనం చేయగలిగింది తక్కువ. మొదటిదాని గురించి మాత్రం ఇంజినీర్లు ఏదో ఒకటి చేయగలరు, చేశారు కూడా. టార్పెడో ట్యూబు లోపలి తలుపుకి ఒక చిన్న గొళ్ళెం పెట్టారు. దాన్ని తీసేదాకా తలుపు కొద్దిగా సందు మాత్రమే ఇస్తుంది, పూర్తిగా తెరుచుకోదు. ట్యూబులో నీళ్ళుంటే ఆ సందులోంచి చిమ్ముతాయి, వెంటనే మళ్ళీ బిగించేయొచ్చు. దాన్ని బ్రిటిష్ నేవీలో థీటిస్ క్లిప్ అంటారు.

ఆ గొళ్ళెం వెనకున్న ఆలోచన చాలా సింపుల్. టెస్ట్ కాక్ నుంచి ఏమీ రాకపోతే దానికి రెండు అర్థాలు: ట్యూబులో నీళ్ళు లేవు, లేదా టెస్ట్ కాక్ పనిచేయట్లేదు. వుడ్స్‌కి మొదటిదే తట్టింది, మనలో ఎవరికైనా అదే తడుతుంది. మంచి ఎలక్ట్రీషియన్‌ని గమనించండి. వైర్లో కరెంటు లేదని టెస్టర్ చెప్పగానే వైరు పట్టుకోడు. ముందు అదే టెస్టర్ని కరెంటు ఉన్న ప్లగ్గులో పెట్టి అది వెలుగుతుందో లేదో చూస్తాడు. సెన్సర్ సున్నా చూపించినా, కోడ్ ఏ ఎర్రరూ ఇవ్వకపోయినా, టెస్టులన్నీ పాసైనా అడగాల్సిన ప్రశ్న అదే: నిజంగా ఏదైనా ఉండి ఉంటే ఇది నాకు చెప్పేదా?