ఉబ్బరమే కదా అని ఊరుకోవద్దు!

కడుపుబ్బరం, నాలుగు ముద్దలకే నిండిపోవడం, మాటిమాటికీ బాత్‌రూమ్‌కి పరుగు... నడివయసు దాటాక ఇవన్నీ మామూలే అనుకుంటారు చాలామంది ఆడవాళ్లు. నెలలో సగం రోజులు అదే వరస అయితే మాత్రం ఓసారి అండాశయాల సంగతి చూపించుకోవాల్సిందే.

అమ్మ సగం అన్నం తినకుండానే కంచం పక్కకు జరిపేస్తుంది. 'పొద్దున తిన్న పెసరట్టు అరగలేదేమో' అంటుంది. మజ్జిగలో ఇంగువ కలుపుకుని తాగుతుంది, వాము నములుతుంది, మెడికల్ షాపు నుంచి గ్యాస్ మాత్రలు తెప్పించుకుంటుంది. చేతులూ ముఖమూ చిక్కుతున్నా నడుం దగ్గర మాత్రం లంగా బొందు బిగుతవుతుంది. 'ఒళ్లు చేశావులే' అని ఇంట్లోవాళ్లు నవ్వేస్తారు. చాలాసార్లు అది నిజంగానే గ్యాస్ అయి ఉంటుంది. కానీ అండాశయ క్యాన్సర్ కూడా సరిగ్గా ఇలాగే మొదలవుతుంది. అందుకే దాన్ని గుర్తుపట్టడం అంత కష్టం.

పెద్ద చదువులు చదివినవాళ్లకూ ఈ తిప్పలు తప్పలేదు. డీఎన్‌ఏ నిర్మాణం తెలియడానికి తోడ్పడిన ఎక్స్‌రే చిత్రం రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలో తీసిందే. 1956లో అమెరికా పర్యటనలో ఉన్నప్పుడు ఆ శాస్త్రవేత్తకు పొట్ట ఉబ్బి స్కర్టులు పట్టడం మానేశాయి. ఆ సెప్టెంబరులో ఆపరేషన్ చేస్తే కడుపులో రెండు కణుతులు బయటపడ్డాయి. 1958 ఏప్రిల్‌లో, ముప్ఫై ఏడేళ్లకే ఆమె కన్నుమూశారు. 'క్రిమినల్', 'బొంబాయి' చిత్రాలతో తెలుగువారికీ దగ్గరైన మనీషా కొయిరాలాకు ఈ జబ్బు 2012లో బయటపడింది. అప్పటికే అది ముదిరింది. న్యూయార్క్‌లో ఆపరేషన్, కీమోథెరపీ చేయించుకుని కోలుకున్నారు. మళ్లీ తెరమీదకూ వచ్చారు.

ఎందుకు దొరకదు?

అండాశయాలు బాదంకాయంత ఉంటాయి. పొత్తికడుపు లోతుల్లో గర్భసంచికి చెరోపక్కా ఒదిగి ఉంటాయి. చుట్టూ చోటు ఉండటంతో అక్కడ కణితి పెరుగుతున్నా చాలాకాలం నొప్పి తెలియదు, చేతికి తగలదు. క్యాన్సర్ కణాలు కడుపులోని పొరల మీదకు పాకి, నీరు చేరడం మొదలయ్యాకే ఉబ్బరం పెరుగుతుంది.

2022 అంచనాల ప్రకారం మనదేశంలో ఏడాదికి దాదాపు 47 వేల మంది మహిళలు దీని బారిన పడుతున్నారు. రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల తర్వాత స్థానం దీనిదే. అమెరికా లెక్కలు చూస్తే, అండాశయం దాటకముందే దొరికినవారిలో పదికి తొమ్మిదిమంది ఐదేళ్లకు మించి బతుకుతున్నారు. దూరపు అవయవాలకు పాకాక దొరికినవారిలో ముగ్గురే!

పరీక్ష ఉందా?

ఏటా పాప్‌స్మియర్ చేయించుకుంటున్నాం కదా అనేవాళ్లున్నారు. అది గర్భాశయ ముఖద్వారం కోసం చేసే పరీక్ష. అండాశయాల గురించి అదేమీ చెప్పదు. పోనీ, ఏ ఇబ్బందీ లేనివాళ్లకు ఏటా రక్తపరీక్ష, స్కానింగ్ చేస్తే? బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా మహిళలతో ఏళ్ల తరబడి ఆ ప్రయత్నమే చేశారు. మరణాలు తగ్గలేదని 2021లో తేలింది. సీఏ-125 అనే ఆ రక్తపరీక్షలో ఫైబ్రాయిడ్లు, ఎండోమెట్రియోసిస్, నెలసరి, చివరికి కడుపులో టీబీ ఉన్నా అంకె పెరుగుతుంది. కాబట్టి ఆ ఒక్క కాగితం చూసి హడలిపోనక్కర్లేదు. మామూలుగా ఉందని నిశ్చింతగా ఉండటమూ కుదరదు.

క్యాలెండర్ చెబుతుంది

అందుకే నిపుణులు లక్షణాల మీద దృష్టి పెట్టమంటున్నారు. ముఖ్యమైనవి నాలుగు... కడుపు ఉబ్బరం, పొత్తికడుపులో నొప్పి, కొంచెం తినగానే కడుపు నిండినట్టుండటం, మూత్రం ఆపుకోలేకపోవడం లేదా తరచూ వెళ్లాల్సి రావడం. ఇవి కొత్తగా మొదలై, నెలలో పన్నెండు రోజులకు మించి కనిపిస్తుంటే డాక్టరును కలవాలి. యాభై దాటినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండర్ మీదే ఉబ్బరం వచ్చిన రోజున ఓ చుక్క పెడితే చాలు. నెలాఖరుకు లెక్క తేలిపోతుంది. 'ఎప్పుడో ఒకసారి వస్తుందండీ' అనే మాటకన్నా ఆ చుక్కలే డాక్టరుకు ఎక్కువ ఉపయోగపడతాయి. గ్యాస్ మందులిచ్చినా తగ్గకపోతే, 'అండాశయాలకు స్కానింగ్ అవసరమా' అని అడగడానికి మొహమాటపడకూడదు. స్కానింగ్‌లో అనుమానం వస్తే క్యాన్సర్ సర్జరీల్లో అనుభవమున్న వైద్యుల దగ్గరికే వెళ్లాలి. మొదటి ఆపరేషన్‌లో కణితిని ఎంత పూర్తిగా తీయగలిగారన్నదే ఆ తర్వాత కథను చాలావరకు నిర్ణయిస్తుంది. హైదరాబాద్‌లోని ఎమ్.ఎన్.జె., విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రులు ప్రభుత్వ రంగంలో ఉన్నవే.

మేనత్తల సంగతీ అడగండి

సాధారణంగా ఈ ముప్పు జీవితకాలంలో వందమందిలో ఒకరికి కాస్త పైన. బీఆర్‌సీఏ1 జన్యువులో లోపముంటే అది నలభై దాటుతుంది. ఆ లోపం తల్లి నుంచే రావాలనేం లేదు, తండ్రి నుంచీ రావచ్చు. అమ్మమ్మ, పిన్నుల ఆరోగ్యంతోపాటు నాయనమ్మ, మేనత్తల సంగతీ తెలుసుకోవాలి. దగ్గరి బంధువుల్లో అండాశయ క్యాన్సర్‌గానీ, చిన్నవయసులో రొమ్ము క్యాన్సర్‌గానీ ఉంటే జన్యుపరీక్ష గురించి డాక్టరుతో మాట్లాడాలి. హాలీవుడ్ నటి ఏంజెలినా జోలీ తల్లి ఈ జబ్బు తర్వాత 2007లో మరణించారు. తనలోనూ ఆ లోపం ఉందని తెలిసి జోలీ 2015లో అండాశయాలు తీయించుకున్నారు.

అపోహలు... నిజాలు

'గర్భసంచి తీసేశారు, ఇక భయం లేదు': ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనవీ ఉన్నాయి. అండాశయాలు ఉంచేసి ఉంటే క్యాన్సర్ వచ్చే అవకాశమూ ఉన్నట్టే. ఏమేం తీశారో పాత డిశ్చార్జి కాగితాల్లో చూసుకోవాలి.

'పిల్లలు పుట్టకుండా ఆపరేషనయింది, రాదు': ముప్పు కొంత తగ్గే మాట నిజమే. పూర్తిగా పోదు.

'అండాశయంలో నీటిబుడగ ఉందంటే క్యాన్సరే': కాదు. నెలసరి వస్తున్న వయసులో ఇవి మామూలే, చాలావరకు వాటంతటవే పోతాయి. నెలసరి ఆగిపోయాక కనిపిస్తే మాత్రం తప్పకుండా చూపించుకోవాలి.